వైపర్ ఆగితే మోటారే పోయిందనుకోకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వైపర్ల గురించే. వానలు మొదలయ్యాయంటే ఏటా ఇంతే. ఎండాకాలమంతా ఆ స్విచ్చు ఎవరూ ముట్టుకోరు. మొదటి వాన పడ్డ రోజున, అదీ చీకటి పడ్డాక, ఎదుటి బండి లైట్లు అద్దం మీద పరుచుకుని దారి మాయమైపోయినప్పుడు గుర్తొస్తుంది.

నేను ముప్పై నాలుగేళ్లుగా బండ్ల ఎలక్ట్రికల్ పనే చేస్తున్నాను. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది. వైపర్ చెడితే ఆగదు, నడుస్తూనే ఉంటుంది, నడిపేవాడికి మాత్రం ఏమీ కనపడదు. అందుకే ఈ పనంటే నాకు అంత పట్టింపు. ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ రాసేవన్నీ పాత బండ్ల సంగతులు. అంటే ఒక మోటారు, దానికి కడ్డీలు, ఒక స్విచ్చు, కరెంటుతో పనిచేసే స్విచ్చు లాంటి ఒక రిలే ఉండే రకం. కంప్యూటర్ ఆజ్ఞతో తిరిగే కొత్త రకం మోటార్లకి ఈ పరీక్షలన్నీ పనికిరావు. వాటి వైర్లలో, కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ ల్యాంపు గుచ్చకండి.

ప్రశ్న: మాది 19 ఏళ్ల కారు. నాన్నగారు వాడింది, అందుకని అమ్మబుద్ధి కాదు. వానలో వైపర్లు ఒకసారి వెళ్లి రావడానికి మూడు నాలుగు సెకన్లు పడుతోంది. హెడ్‌లైట్లు వేస్తే ఇంకా నెమ్మదిస్తాయి. వాన తగ్గి అద్దం కాస్త ఆరితే మధ్యలోనే ఆగిపోతాయి. మోటారు పోయింది, మార్చాల్సిందే అంటున్నారు. మార్చేయమంటారా?

వద్దమ్మా, ఇప్పుడే మార్చకండి. మీ ఉత్తరంలోనే రెండు ఆధారాలున్నాయి. హెడ్‌లైట్లు వేస్తే నెమ్మదిస్తున్నాయంటే మోటారుకి కరెంటు సరిగ్గా అందడం లేదేమో చూడాలి. అద్దం ఆరితే ఆగిపోతున్నాయంటే కడ్డీల్లోనో, బ్లేడుని పట్టుకున్న ఆర్మ్‌ని తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్ దగ్గరో ఏదో బిగుసుకుందేమో చూడాలి. రెండూ మోటారు బయట ఉండే జబ్బులే.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో, మా మేస్త్రి లేని పూట ఒక లారీ వచ్చింది. వైపర్ ఈడుస్తోందన్నాడు డ్రైవరు. నేను మోటారు మార్చి పంపేశాను. కొత్త మోటారుతో బాగానే తిరిగింది. అయిదు వారాలకి అదే లారీ మళ్లీ వచ్చింది. మోటారు విప్పితే వైండింగ్ నల్లగా మాడిపోయి ఉంది. మేస్త్రి నన్ను ఒక్క మాటా అనలేదు. కడ్డీ ఊడదీసి, వైపర్ స్పిండిల్ చూపించి చేత్తో తిప్పమన్నాడు. రెండు చేతులతో పట్టుకున్నా కదల్లేదు. ‘నువ్వు తిప్పలేనిది ఆ మోటారు అయిదు వారాలు తిప్పింది’ అన్నాడు. ఆ రాత్రి డ్రైవరు వానలో తల బయటపెట్టి చూసుకుంటూ బండి తోలుకొచ్చాడని తరవాత తెలిసింది. అది నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు. ఆ రోజు నుంచి, స్పిండిల్‌ని చేత్తో తిప్పి చూడకుండా నేను ఒక్క వైపర్ మోటారు కూడా మార్చలేదు.

మీరూ అక్కడే మొదలుపెట్టండి. ముందు వైపర్లని మామూలుగా ఆపి, అవి ఎక్కడ పడుకున్నాయో అద్దం మీద టేపు ముక్కతో గుర్తు పెట్టుకోండి. తరవాత బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఇది మరిచిపోకండి. మీరు కడ్డీల మధ్య చేయి పెట్టి ఉండగా ఎవరైనా తాళం తిప్పితే వేళ్లు నలిగిపోతాయి. వైపర్ ఆర్మ్‌ల మొదట్లో చిన్న మూత ఉంటుంది. అది తీస్తే నట్టు కనపడుతుంది. నట్టు విప్పాక ఆర్మ్ ఊడి రాకపోతే స్క్రూ డ్రైవర్ దూర్చి ఎగదన్నకండి, అద్దం పగులుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగి, ఆర్మ్‌ని పట్టుకుని కొద్దికొద్దిగా ఊపండి. అప్పటికీ రాకపోతే చిన్న పుల్లర్ పెట్టాలి.

ఆర్మ్‌లు వచ్చాక అద్దం కింద ఉన్న ప్లాస్టిక్ జాలీ తీయండి. మోటారు క్రాంక్ (మోటారు తిప్పే చిన్న చేయి) దగ్గర కడ్డీ ఒక గుండు మీద కూర్చుని ఉంటుంది. దాన్ని ఊడదీస్తే మోటారు వేరు, కడ్డీలు వేరు అయిపోతాయి. ఇప్పుడు కడ్డీలని అటూ ఇటూ చేత్తో లాగి చూడండి. రెండు వేళ్లతో లాగితే హాయిగా కదలాలి. కరకరమన్నా, గట్టిగా ఉన్నా, ఒక చోట పట్టేస్తున్నా మీ జబ్బులో సగం అక్కడే ఉంది.

బిగుసుకునేది దాదాపు ఎప్పుడూ స్పిండిలే. అది ఇనుప కడ్డీ, అది తిరిగే గూడు చాలా బండ్లలో అల్యూమినియం. పైన ఉండే చిన్న రబ్బరు రింగు ఎండిపోయి చిట్లితే వాన నీళ్లు కడ్డీ వెంబడి గూట్లోకి దిగుతాయి. ఏళ్ల తరబడి అలా జరిగితే ఒకవైపు తుప్పు, ఇంకోవైపు అల్యూమినియం మీద సున్నంలాంటి తెల్లటి పొడి పేరుకుంటాయి. గ్రీజు గట్టిపడి గోధుమరంగు మైనంలా అయిపోతుంది. పైన స్ప్రే కొడితే రెండు రోజులు బాగా తిరుగుతుంది. మూడో వానకి మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకంటే స్ప్రే ఉన్న కాస్త గ్రీజునీ కడిగేస్తుంది. సరైన పని ఏమిటంటే పైనున్న సర్‌క్లిప్పు (పట్టి ఉంచే స్ప్రింగు రింగు) తీసి, ఏ వాషరు ఏ వరసలో వచ్చిందో కాగితం మీద పేర్చుకుని, స్పిండిల్‌ని పూర్తిగా బయటికి లాగాలి. రాకపోతే కిందనుంచి స్ప్రే పోసి రాత్రంతా నాననివ్వండి. తీశాక సన్న గరుకు కాగితంతో కడ్డీని మెరిసేదాకా రుద్ది, గూటిని గుడ్డతో తుడిచి, నీటికి కరగని మంచి గ్రీజు పట్టించి, కొత్త రబ్బరు రింగు వేసి బిగించండి. గంటన్నర పని. తరవాత వేళ్లతో తిప్పి చూడండి. బిగుసుకున్న స్పిండిల్ అలా తేలిగ్గా తిరగడం చూస్తే కలిగే తృప్తి నాకైతే ఇన్నేళ్లకీ తగ్గలేదు.

కడ్డీలు విడిగా ఉన్నప్పుడే, చేయి అవతల పెట్టి, బ్యాటరీ కలిపి మోటారుని ఒంటరిగా తిప్పండి. అప్పుడు చకచకా తిరిగిందంటే మోటారు మీద అనుమానం చాలావరకు తీరినట్టే. బాగున్న వైపర్ తడి అద్దం మీద నెమ్మది వేగంలో నిమిషానికి సుమారు 40, 45 సార్లు, ఎక్కువ వేగంలో 60కి పైగా వెళ్లి రావాలి. మీది మూడు నాలుగు సెకన్లకి ఒకసారి అంటే నిమిషానికి 15, 20 సార్లే.

ఇక కరెంటు సంగతి. చాలామంది మోటారు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీసి, వైరు చివర మీటరు పెట్టి, ‘12 వోల్టులు వస్తున్నాయి, కాబట్టి మోటారే పోయింది’ అని తేల్చేస్తారు. ఇది నేను చూసిన తప్పుల్లోకెల్లా పెద్దది. లోపల పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలిన వైరు కూడా పని లేనప్పుడు 12 వోల్టులూ చూపిస్తుంది. మోటారు తిరగమని అడిగినప్పుడే దాని బండారం బయటపడుతుంది. కాబట్టి కప్లర్ పెట్టే ఉంచి, అద్దం తడిపి, వైపర్లు తిరుగుతుండగా కొలవాలి. మీటరుని 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 చూపిస్తుంది. ఇంజను నడుస్తుంటే 14 దగ్గర ఉండాలి. ఇప్పుడు కప్లర్ వెనకనుంచి సన్నటి పిన్ను దూర్చి మోటారుకి కరెంటు వచ్చే వైరు మీద ఎర్ర ముల్లు, మోటారు బాడీ మీద నల్ల ముల్లు పెట్టండి. బ్యాటరీ దగ్గరికీ ఇక్కడికీ తేడా రెండు వోల్టులు ఉందనుకోండి, ఆ రెండూ దారిలో ఎక్కడో వేడిగా మారి పోతున్నాయి.

ఎక్కడ పోతున్నాయో మీటరే చెబుతుంది. ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి మోటారు బాడీ మీద పెట్టి చూడండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి, బాగోలేదు. అలాగే బ్యాటరీ పాజిటివ్ నుంచి మోటారు వైరు దాకా కొలిస్తే అర వోల్టు దాటకూడదు. దాటితే ఫ్యూజు కాళ్లు, కప్లర్లు, స్టీరింగ్ కింద స్విచ్చు, ఈ వరసలో వెతకండి.

మీ బండిలో హెడ్‌లైట్లకీ వైపర్‌కీ సంబంధం ఉందంటున్నారు కాబట్టి నేనైతే ముందు ఎర్త్ చూస్తాను. చాలా బండ్లలో చప్పుడు రాకుండా వైపర్ మోటారుని రబ్బరు బుష్షుల మీద కూర్చోబెడతారు. రబ్బరు మీద కూర్చున్న మోటారుకి బండి బాడీ తగలదు. అందుకని దానికి విడిగా ఒక ఎర్త్ వైరు ఉంటుంది, ఎక్కువగా నల్లదో గోధుమరంగుదో, మోటారు పక్కనే రేకుకి ఒక స్క్రూతో బిగించి. హెడ్‌లైట్లు కూడా అదే ఎర్త్‌ని పంచుకునే బండ్లున్నాయి. ఆ స్క్రూ విప్పండి. రింగు కింద పచ్చగానో తెల్లగానో పొడి ఉంటే, లేదా రేకు మీద పెయింట్ ఉంటే, దొంగ దొరికినట్టే. నమ్మకం కుదరకపోతే ఒక పొడుగాటి వైరు తీసుకుని బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా మోటారు బాడీకి ఆనించండి. వైపర్లు ఒక్కసారిగా వేగం అందుకుంటే ఇంకేం వెతకక్కర్లేదు. రింగునీ రేకునీ తళతళలాడేదాకా గీకి, స్క్రూ గట్టిగా బిగించి, పైన కొంచెం వ్యాజిలీన్ రాయండి.

ఇవన్నీ చేశాక కూడా ఒంటరి మోటారు నీరసంగానే తిరిగితే, అప్పుడు మోటారు మాట ఎత్తుదాం. అప్పుడు కూడా లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయేమో, లోపల గ్రీజు ఎండిందేమో చూసి మరీ.

ప్రశ్న: మోటారు చప్పుడు వినిపిస్తోంది. పక్క సీటు వైపు బ్లేడు తిరుగుతోంది. నా వైపుది మాత్రం కదలడం లేదు. వైరు పెట్టి కట్టి నడుపుతున్నాను. ఇలా ఎన్నాళ్లు నడపొచ్చు?

తమ్ముడూ, వానలో ఒక్క రోజు కూడా వద్దు. పక్క సీటు వైపు బ్లేడు తిరగకపోతే సర్దుకోవచ్చు. మీ వైపుది సర్దుకునేది కాదు.

తప్పు ఎక్కడుందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. కదలని ఆర్మ్ మూత తీసి, వైపర్ వేయించి, నట్టు వైపు చూడండి. నట్టూ దాని కింద స్పిండిలూ తిరుగుతూ ఆర్మ్ మాత్రం పడుకునే ఉంటే, ఆర్మ్ లోపలి పళ్లు అరిగిపోయాయి. స్పిండిల్ గట్టి ఉక్కు, ఆర్మ్ తల మెత్తటి లోహం. నట్టు కొంచెం వదులైనా, బ్లేడు దేనికైనా అడ్డుపడ్డా, ముందు పోయేవి ఆర్మ్ పళ్లే. నట్టు బిగిస్తే కొన్నాళ్లు పట్టుకోవచ్చు గానీ పళ్లు నునుపైపోయాక అది నమ్మకమైన పట్టు కాదు. ఆర్మ్ మార్చండి. కొత్తది ఎక్కించే ముందు స్పిండిల్ పళ్లలో ఇరుక్కున్న లోహపు తుక్కుని ఇత్తడి బ్రష్షుతో తీసేయండి. మోటారుని పార్క్ చేసి, అంటే వైపర్లు పడుకునే చోటికి తెచ్చి, ఆపాకే ఆర్మ్ ఎక్కించండి. లేదంటే బ్లేడు అద్దం దాటి రేకుకి కొట్టుకుంటుంది.

స్పిండిల్ కూడా కదలకపోతే లోపల కడ్డీ గుండు మీంచి ఊడిపోయింది. ఆ గుండు మీద ఒక ప్లాస్టిక్ బుష్ ఉంటుంది, బఠాణీ గింజకన్నా కాస్త పెద్దది. ఏళ్లు గడిచేకొద్దీ అది గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారంలోకి అరుగుతుంది. ఊడిపోయే ముందు కొన్ని వారాలపాటు బ్లేడు వెనక్కి మళ్లే ప్రతిసారీ టక్కు టక్కుమని చెబుతూనే ఉంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడే బుష్ మారిస్తే నడి రోడ్డు మీద ఊడదు. చాలా బండ్లకి బుష్ విడిగా దొరుకుతుంది. దొరకకపోతే కడ్డీల సెట్టు మొత్తం మార్చాలి. మీరు కట్టిన వైరు మోటారు బలానికి తెగుతుంది, లేదా వదులై కడ్డీకి అడ్డం పడి రెండో బ్లేడుని కూడా ఆపేస్తుంది. అలాంటివి నేను విప్పాను.

రెండు బ్లేడ్లూ ఆగి మోటారు మాత్రం తిరుగుతుంటే క్రాంక్ నట్టు వదులైనట్టు, లేదా మోటారు లోపలి ప్లాస్టిక్ గేరు పళ్లు పోయినట్టు. క్రాంక్ తిరుగుతోందా లేదా అని చూస్తే ఏదో తెలిసిపోతుంది.

ప్రశ్న: స్విచ్చు ఆపగానే వైపర్లు ఎక్కడుంటే అక్కడే నిలబడిపోతున్నాయి. కింద పడుకోవాలంటే సరైన క్షణం చూసుకుని ఆపాల్సి వస్తోంది. స్విచ్చు మార్చాను, లాభం లేదు.

స్విచ్చు మార్చకముందు రాసి ఉంటే బాగుండేది. మీరు ఆపినా వైపర్ కిందికి వచ్చి పడుకోవడానికి కారణం మోటారు లోపలే ఉంది. పెద్ద గేరు మీద ఒక రాగి పళ్లెం ఉంటుంది, దాని మీద రెండు మూడు స్ప్రింగు రేకులు రాసుకుంటూ తిరుగుతాయి. మీరు స్విచ్చు ఆపినా, ఆ పళ్లెం ద్వారా ఇంకో దారిలో మోటారుకి కరెంటు వెళుతూ ఉంటుంది. బ్లేడు కిందికి చేరేసరికి పళ్లెంలో ఒక ఖాళీ వస్తుంది, కరెంటు తెగుతుంది. అదే క్షణంలో మోటారు రెండు కొసల్నీ కలిపేసేలా ఇంకో రేకు తగులుతుంది. తిరుగుతున్న మోటారు కొసలు కలిపితే అది తనకి తానే బ్రేకు వేసుకుంటుంది, అందుకే బ్లేడు జారకుండా ఠక్కున నిలబడుతుంది. ఇది కనిపెట్టినవాళ్ల ఆలోచన నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఆ రెండో దారికి విడిగా ఒక వైరు ఉంటుంది, తాళం వేసి ఉన్నంతసేపూ అందులో కరెంటు ఉండాలి. టెస్ట్ ల్యాంపు పెట్టి చూడండి. వెలగకపోతే ఫ్యూజు నుంచి మోటారు దాకా ఆ వైరుని వెతకండి. వెలిగితే మోటారు గేరు మూత విప్పండి. పాత గ్రీజు నల్లటి తారులా గట్టిపడి, రేకులు పళ్లేనికి తగలకుండా ఎత్తి పట్టుకుని ఉంటుంది. పెట్రోలు వాడకండి, ప్లాస్టిక్ పాడవుతుంది. పొడి గుడ్డతో తుడిచి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, రేకుల కొసల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, నీరసపడి ఉంటే ఒక వెంట్రుక వాసి కిందికి వంచండి. గేరు పళ్లకి కొత్త గ్రీజు పెట్టండి, రాగి పళ్లెం మీద మాత్రం పల్చగా.

బ్లేడు ఆగాల్సిన చోటు దాటి మళ్లీ పైకి పోతుంటే ఆ బ్రేకు రేకు తగలడం లేదని అర్థం. దాన్ని కూడా శుభ్రం చేయాలి.

మోటారు వెనక డొప్ప విప్పేవాళ్లకి ఒక హెచ్చరిక. అందులో అయస్కాంతాలుంటాయి. విప్పకముందే డొప్ప మీదా గేరు పెట్టె మీదా కలిపి ఒక గీత గీయండి. డొప్పని సగం చుట్టు తిప్పి బిగిస్తే ధ్రువాలు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతుంది, పార్క్ అయ్యే చోటు పాడవుతుంది. ఊడి రాకపోతే సుత్తితో కొట్టకండి, అయస్కాంతాలు పింగాణీలా పగులుతాయి.

ప్రశ్న: ఫ్యూజు పదే పదే పోతోంది. 15 ఆంపియర్ల చోట 30 వేస్తే ఆగింది. ఇలా ఉంచేయొచ్చా?

ఈ ఉత్తరం చదివి నాకు టెన్షన్ పట్టుకుంది. ఈ పేజీ మూసి, వెళ్లి ముందు ఆ ఫ్యూజు తీసేయండి. ఫ్యూజు ఉన్నది మోటారుని కాపాడటానికి అనుకుంటారు చాలామంది. అది కాపాడేది వైరుని. 15 ఆంపియర్లకి సరిపోయే సన్న వైరులో 30 పోనిస్తే కాలేది వైరే, అదీ డ్యాష్‌బోర్డు వెనక, మీకు కనపడని చోట.

తడి అద్దం మీద మామూలుగా తిరిగే మోటారు కొద్ది ఆంపియర్లే తీసుకుంటుంది. అదే మోటారుని కదలకుండా పట్టేస్తే దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. మోటారు కప్లర్ ఊడదీసి 15 ఆంపియర్ల ఫ్యూజు వేసి స్విచ్చు నొక్కండి. అప్పుడూ పోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఇంజనుకీ డ్యాష్‌బోర్డుకీ మధ్య రేకులోంచి వైర్లు దూరే చోట రబ్బరు ఎండి ఊడిపోయిందేమో ముందు చూడండి. పోకపోతే తప్పు అటువైపు, అంటే మోటారులోనో కడ్డీల్లోనో. పైన మొదటి జవాబులో చెప్పినట్టు స్పిండిల్స్ చేత్తో తిప్పి చూడండి.

ప్రశ్న: బ్లేడ్లు కొత్తవే వేశాను. అయినా ఒకవైపు వెళ్లేటప్పుడు శుభ్రంగా తుడుస్తూ, తిరిగి వచ్చేటప్పుడు దడదడమంటూ గంతులేస్తున్నాయి.

మీరు ఒకవైపే అని రాశారు. అదే కీలకం. రెండు వైపులా గంతులేస్తే అద్దం మీద నూనె పొర అనుకునేవాణ్ని. ఒకవైపే అంటే ఆర్మ్ మెలి తిరిగింది.

బ్లేడు రబ్బరుకి సన్నటి పెదవి ఒకటి ఉంటుంది. అది ఎప్పుడూ వెళ్లే దిక్కుకి వెనకపక్కకి వాలి, నీళ్లని ఈడ్చుకుంటూ రావాలి. చివర తిరగగానే ఇటు వాలినది అటు వాలాలి. ఆర్మ్ మెలి తిరిగి బ్లేడు ఒక పక్కకి ఒరిగితే పెదవి ఒకే వైపు వాలి ఉండిపోతుంది. తిరుగు ప్రయాణంలో అద్దాన్ని గుచ్చుతూ ఎగురుతుంది, ఆ దడదడ అదే. బండి కడిగేటప్పుడో, కవర్ లాగేటప్పుడో ఆర్మ్ వంగుతుంది, ఎవరూ గమనించరు.

వైపర్లు నడిపి, అవి అద్దం మధ్యకి వచ్చినప్పుడు స్విచ్చు కాకుండా తాళం తిప్పి ఆపండి. అక్కడే నిలబడతాయి. ఇప్పుడు పక్కనుంచి కన్ను పెట్టి చూడండి. బ్లేడు తీసేస్తే ఆర్మ్ కొస అద్దానికి సమాంతరంగా ఉండాలి. లేకపోతే రెండు స్పానర్లతో పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పి సరిచేయండి. ఈ పని చేసేటప్పుడు అద్దం మీద మందపాటి తువ్వాలు పరవండి. బ్లేడు లేని ఆర్మ్ చేయి జారి పడితే స్ప్రింగు బలానికి అద్దం పగిలిపోతుంది. నా కళ్ల ముందే రెండుసార్లు జరిగింది, నా జాగ్రత్త అప్పటిదే.

అద్దాన్ని కూడా ఒకసారి గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడిగి చూడండి. కడిగాక నీళ్లు పూసల్లా విడిపోతుంటే పొర ఇంకా ఉంది. పల్చగా ఒకే పరుపులా జారితే శుభ్రమైనట్టు. వేగంగా వెళ్లేటప్పుడు మధ్యలో మాత్రమే మసక పట్టు మిగిలితే ఆర్మ్ స్ప్రింగు నీరసపడింది, గాలికి బ్లేడు లేస్తోంది.

ప్రశ్న: నెమ్మది వేగంలో తిరగడం లేదు, ఎక్కువ వేగంలో మాత్రం తిరుగుతోంది.

మోటారులో మూడు కార్బన్ బ్రష్షులుంటాయి. ఒకటి రెండు వేగాలకీ ఉమ్మడి, మిగతా రెండూ వేగానికొకటి. రోజూ వాడేది నెమ్మది వేగం, అందుకే ఆ బ్రష్షు ముందు అరుగుతుంది. కప్లర్ దగ్గర నెమ్మది వేగం వైరులో కరెంటు వస్తోందో లేదో చూడండి. వస్తుంటే బ్రష్షు, రాకపోతే స్విచ్చు. బ్రష్షులు మార్చేటప్పుడు, అవి రాసుకునే కమ్యూటేటర్‌ని సన్న గరుకు కాగితంతో రుద్ది, రాగి ముక్కల మధ్య గాడుల్లో నల్లపొడి లేకుండా తీయండి. ఎమరీ గుడ్డ వద్దు, దాని రేణువులు గాడుల్లో చేరి షార్ట్ చేస్తాయి.

ప్రశ్న: ఆగి ఆగి తుడిచే సెట్టింగులో ఒకప్పుడు అయిదారు సెకన్లకి ఒకసారి తిరిగేది. ఇప్పుడు ఆగకుండా తిరుగుతోంది. మిగతా వేగాలు బాగున్నాయి.

మిగతావి బాగున్నాయంటే మోటారునీ కడ్డీల్నీ వదిలేయండి. తప్పు టైమర్ రిలేలో. ఒక కెపాసిటర్ (కరెంటుని కాసేపు దాచుకునే చిన్న భాగం) నిండడానికి పట్టే సమయమే మీ అయిదారు సెకన్లు. ఈ ఏర్పాటుకి అమెరికా ఇంజనీరు రాబర్ట్ కెర్న్స్ 1967లో పేటెంటు పొందారు. వైపర్‌కి పేటెంటు తీసుకున్న మేరీ ఆండర్సన్ కాలం 1903. అప్పుడు డ్రైవరు లోపలినుంచి చేత్తో లివరు తిప్పాలి. పాత రిలేలో కెపాసిటర్ ఎండిపోయినా, రిలే కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కున్నా మీరు చెప్పినట్టే అవుతుంది. రిలే మీద వేలు పెట్టండి. లోపల టక్కుమనకుండా ఆన్‌లోనే ఉండిపోతే అతుక్కుంది. కొత్త రిలే వేయడమే దారి.

ప్రశ్న: నాలుగేళ్లలో మూడు మోటార్లు మార్చాను. ప్రతిసారీ లోపల తుప్పే. నాసిరకం మోటార్లు అంటగడుతున్నారని అనుమానం.

మూడూ నాసిరకమే కావడం కష్టం అన్నా. మూడూ ఒకే చోట మునిగి ఉంటాయి.

అద్దం కింద జాలీలోంచి దిగే వాన నీళ్లు పోవడానికి రెండు మూలల్లోనూ రంధ్రాలుంటాయి. చెట్టు కింద నిలిపే బండిలో ఆకులు జాలీలోంచి రాలి, కుళ్లి, మట్టితో కలిసి ఆ రంధ్రాల్ని మూసేస్తాయి. అప్పుడు ఆ తొట్టి నిండుతుంది. మోటారు ఉండేది ఆ తొట్టిలోనే. వాన వెలిశాక కూడా రెండు మూడు రోజులు నీళ్లలో కూర్చుంటుంది. మలుపు తిరిగినప్పుడు డ్యాష్‌బోర్డు వెనక నీళ్లు కదిలిన చప్పుడు వస్తోందా? కాళ్ల దగ్గర మ్యాటు తడుస్తోందా? అయితే ఇదే.

జాలీ తీసి, ఆకులు చేత్తో ఎత్తేయండి. రంధ్రాల్లోకి మెత్తటి ప్లాస్టిక్ ట్యూబు దూర్చి కదపండి, ఇనుప చువ్వ వద్దు, పెయింట్ లేచి కొత్త తుప్పు మొదలవుతుంది. కొన్ని బండ్లలో రంధ్రానికి చివర రబ్బరు ముక్కు ఉంటుంది, దాని పెదవులు అతుక్కుపోయి ఉంటే విడదీయండి. మోటారు వైర్లు కప్లర్ దగ్గరికి పైనుంచి వస్తుంటే, కప్లర్‌కి ముందు వైరుని కిందికి ఒక వంపు తిప్పి కట్టండి, దాని వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతాయి. తరవాత ఒక పెద్ద చెంబు నీళ్లు జాలీ చోట ఒక మూల పోసి, కిందికి వంగి ముందు చక్రం వెనక చూడండి. ధారగా కిందికి వచ్చేయాలి. రెండో మూల కూడా అలాగే పోసి చూసి, అప్పుడు నాలుగో మోటారు బిగించండి.